లోపమున్న హీరో పాఠకుణ్ణి ఎలా పట్టుకుంటాడు

మీరు రాస్తున్న నవలలో హీరో ఆర్టీసీ డ్రైవరని మీ ప్రశ్నలో చెప్పారు. తాగుతాడు, ముక్కు మీద కోపం, ఇంట్లో భార్య మీద చెయ్యి చేసుకుంటాడు, అయినా "మనసు మంచిది". చదివిన నలుగురికీ అతని మీద జాలి కలగలేదు, కోపమూ రాలేదు. ఇన్ని లోపాలు పెట్టినా మనిషి ఎందుకు కళ్ల ముందుకు రాలేదన్నది మీ సందేహం.

ఒక పరీక్ష చేసి చూడండి. మీ కథ సారాంశాన్ని పది వాక్యాల్లో రాసి, అందులోంచి తాగుడు అన్న మాట కొట్టేయండి. కథ అలాగే నడిచిపోతోందంటే ఆ తాగుడుకి నవలలో పనేమీ లేదన్నమాట. అది వర్ణన మాత్రమే, మీసం, గళ్ల చొక్కా లాంటిదే. కథ మలుపు తిరిగిన ప్రతి చోటా ఆ మలుపు ఈ లోపం వల్లే వచ్చిందని చూపించగలిగినప్పుడు అది పాత్ర లోపం అవుతుంది. మీరు చెప్పిన మూడు లోపాల్లో ఒక్కటి కూడా ఈ పరీక్షకి నిలవడం లేదు. కాబట్టి నాలుగోది చేర్చకండి. ఉన్నవి తగ్గించి, ఒక్క దోషానికి పని ఇవ్వండి.

ముందుగా రెండు విషయాలు విడదీసుకోవాలి. దోషం వేరు, పరిమితి వేరు. అహంకారం, పిరికితనం, అబద్ధం, జూదం ఇవన్నీ దోషాలు. అవి మనిషి ఎంచుకునే దారిలో ఉంటాయి, వాటికి అతనే బాధ్యుడు. కుంటితనం, పేదరికం, చదువు లేకపోవడం, ఇచ్చిన మాట, తగిలిన శాపం ఇవి పరిమితులు. వీటికి అతను బాధ్యుడు కాకపోవచ్చు, కానీ వీటి లోపలే మసలుకోవాలి. పరిమితి కథకి ఉత్కంఠ ఇస్తుంది, ఎందుకంటే ఏది సాధ్యం కాదో పాఠకుడికి ముందే తెలుసు. దోషం బరువునిస్తుంది, ఎందుకంటే వేరే దారి ఉండి కూడా అతను ఇటే వెళ్లాడు. పరిమితి ఒక్కటే ఉంటే పాత్ర జాలి దగ్గరే ఆగిపోతుంది. దోషం ఒక్కటే ఉంటే పాఠకుడు తీర్పు చెప్పేసి పుస్తకం మూసేస్తాడు. రెండూ ఒకదానికొకటి తగులుకున్న చోట మనిషి పుడతాడు.

దీనికి మహాభారతంలో కర్ణుడి కంటే మంచి పాఠం లేదు. కర్ణుడి గొప్పదనమంతా దానంలో ఉందని మనవాళ్లు అనుకుంటారు. రచయిత కళ్లతో చూస్తే అసలు పనితనం ఆ పాత్రకి పెట్టిన హద్దుల్లో ఉంది. బ్రాహ్మణుణ్ణని అబద్ధం చెప్పి పరశురాముడి దగ్గర అస్త్రాలు నేర్చుకుంటాడు. గురువు అతని ఒడిలో తల పెట్టుకుని నిద్రపోతుండగా ఒక పురుగు తొడని తొలిచేస్తుంది. గురువుకి నిద్రాభంగమవుతుందని కదలడు. రక్తం తగిలి పరశురాముడు లేచి, ఇంత నొప్పి బ్రాహ్మణుడు ఓర్చుకోలేడు, నువ్వెవరని నిలదీస్తాడు. అవసరమైన సమయంలో, నేర్చుకున్న బ్రహ్మాస్త్రం గుర్తుకు రాకుండా పోతుందని శపిస్తాడు.

ఈ ఘట్టంలో ఏ ముక్క ఎక్కడ ఉందో చూడండి. దోషం అబద్ధం. గుణాలు ఓర్పు, గురుభక్తి. ఆ అబద్ధాన్ని బయటపెట్టింది శత్రువు కాదు, చాడీకోరు కాదు, అతని గుణమే. తొడ కదిలించి ఉంటే దొరికేవాడు కాదు. లోపమున్న హీరోని నిలబెట్టే కీలకం ఇదే: అతన్ని ప్రేమించడానికి కారణమైన గుణమూ, అతన్ని ముంచే దోషమూ ఒకే వేరు నుంచి రావాలి. తన స్థాయిని ఒప్పుకోని పట్టుదల వల్లే అబద్ధమాడాడు, ఆ పట్టుదల వల్లే నొప్పి ఓర్చాడు. మీ డ్రైవరు తాగుడు ఒక చోట, మంచి మనసు ఇంకో చోట విడివిడిగా పడి ఉన్నాయి. పాఠకుడికి ఏమీ అనిపించకపోవడానికి మొదటి కారణం అది.

ఇక హద్దుల లెక్క. పరశురాముడి శాపం ఒకటి. రథచక్రాన్ని నేల మింగుతుందన్న బ్రాహ్మణ శాపం రెండోది. సూర్యుడు కలలో హెచ్చరించినా ఇంద్రుడికి కవచకుండలాలు కోసి ఇచ్చేస్తాడు, బదులుగా ఒక్కసారే పనిచేసే శక్తి అనే ఆయుధం తీసుకుంటాడు. అర్జునుణ్ణి తప్ప మిగతా నలుగురినీ చంపనని కుంతికి మాటిస్తాడు. శాపాల పూర్తి కథ తర్వాత వచ్చినా, ఇవన్నీ ఉన్నాయని యుద్ధం మొదలయ్యే ముందే పాఠకుడికి తెలుస్తుంది. ఆ తర్వాత వ్యాసుడు వాటిని ఒక్కొక్కటిగా ఖర్చు పెడతాడు. అర్జునుడి కోసం దాచిన శక్తి పద్నాలుగో రోజు రాత్రి ఘటోత్కచుడి మీద అయిపోతుంది. ధర్మరాజు, భీముడు, నకుల సహదేవులు వేర్వేరు సందర్భాల్లో చేతికి చిక్కినా ప్రాణాలతో వదిలేస్తాడు. పదిహేడో రోజు చక్రం దిగబడుతుంది, అస్త్రం గుర్తుకు రాదు. ముందు చెప్పని హద్దు ఒక్కటి కూడా చివర్లో ఊడిపడదు. అందుకే ఆ చావు మోసంలా ఉండదు.

దోషం వైపు కూడా అంతే నిక్కచ్చిగా ఉంది. భీష్ముడు తనని అర్ధరథుడని, అంటే సగం యోధుడని, అన్నాడన్న కోపంతో, ఆయన పడిపోయేదాకా యుద్ధానికి రానని కూర్చుంటాడు. 18 రోజుల యుద్ధంలో మొదటి 10 రోజులు అతను లేడు. ఎవరి కోసం ప్రాణమిస్తానన్నాడో ఆ దుర్యోధనుడికే ఆ అహంకారం ఖరీదు పడింది. నిండు సభలో ద్రౌపదిని ఈడ్చుకొచ్చినప్పుడు అనరాని మాటలన్నది, వలువలు ఒలవమన్నది ఈ దానశీలే. దాన్ని కథ ఎక్కడా కప్పిపుచ్చలేదు. తర్వాత కృష్ణుడితో ఏకాంతంగా మాట్లాడేటప్పుడు దుర్యోధనుణ్ణి మెప్పించడానికి పాండవులని ఆడిన మాటలకి బాధపడుతున్నానంటాడు. రాజ్యమిస్తామన్నా పెంచిన తల్లిదండ్రులని, అన్నం పెట్టిన స్నేహితుణ్ణి వదలనంటాడు. ఓడిపోతామని తెలిసే అంటాడు. పశ్చాత్తాపం ఉంది, పక్షం మాత్రం మారదు. మీరు రాస్తే అతన్ని అక్కడే మార్చేసేవారేమో. చాలామంది కొత్త రచయితలు చేసేది అదే, పాత్ర కూలిపోయేదీ అక్కడే.

ఈ లెక్కని మీ డ్రైవరుకి వేద్దాం. భార్యని కొట్టడం, తాగడం రెండూ తీసేయండి. నీతి కోసం తీసేయమనడం లేదు. భార్యని కొట్టే మనిషిని రాయాలంటే నవల మొత్తం దాని చుట్టూ ఉండాలి, భార్య వైపు నుంచి కూడా ఉండాలి. రంగు కోసం వాడితే పాఠకురాలు క్షమించదు, క్షమించనక్కర్లేదు. దాని బదులు ఒక పరిమితి పెడదాం: రేచీకటి. నలభై దాటాక చూపు తగ్గుతోంది, రెటినైటిస్ పిగ్మెంటోజా అనే జబ్బు. ఇందులో సాధారణంగా ముందు చీకట్లో చూపు పోతుంది, తర్వాత పక్కల చూపు కుదించుకుపోయి గొట్టంలోంచి చూసినట్టవుతుంది. పగలు మామూలుగానే ఉంటాడు, కాబట్టి దాచగలడు. దోషం: డిపోలో తనంత డ్రైవరు లేడన్న పేరు పోతుందని ఎవరికీ చెప్పడు. గుణం: ఇరవయ్యేళ్లుగా ఒక్క యాక్సిడెంటు లేదు, రూట్లో ప్రతి గుంటా, ప్రతి మలుపూ కంఠతా వచ్చు, పనంటే ప్రాణం. గుణమూ దోషమూ ఒకే వేరు. ఆ పేరు మీద ప్రేమే అతన్ని మంచి డ్రైవరుని చేసింది, ఆ ప్రేమే ఇప్పుడు యాభైమంది ప్రాణాలతో ఆడిస్తోంది.

పరిమితి పెట్టగానే మీకు ఉచితంగా ఒక గడియారం దొరికింది. సూర్యాస్తమయం. కథ జూన్‌లో మొదలైతే ఆరున్నర దాటినా వెలుగుంటుంది, నెట్టుకొస్తాడు. నవంబరు వచ్చేసరికి ఐదున్నర దాటితే చీకటి ముసురుతుంది. అదే ట్రిప్పు, అదే టైము, కానీ నెల మారేకొద్దీ మెడ మీద కత్తి దిగుతూ వస్తుంది. మీరు విలన్ని వెతుక్కోనక్కర్లేదు, క్యాలెండరు చాలు.

ఇప్పుడు దోషం పని చేసే సన్నివేశం ఎలా ఉండాలో నాలుగు మాటల్లో:

కోటేశ్వరరావు బండి స్టార్ట్ చేశాడు.

"అన్నా, ఐదుంబావుకి గదా మన టైము. ఇంకా పది నిమిషాలుంది," అంది కండక్టరు.

"నిండింది గదా. పోదాం."

"రత్తమ్మ రాలా. పొద్దున మనబండ్లోనే దిగింది, ఆస్పత్రికని."

"వెనక బండికొస్తదిలే."

"వెనక బండి ఈరోజు లేదన్నా."

గేరు పడింది. స్టాండు గేటు దాటుతుంటే అద్దంలో మందుల సంచి పట్టుకుని పరిగెత్తే మనిషి కనిపించింది. ఆ దూరం అతనికి బాగానే కనిపిస్తుంది, ఇంకా ఎండ ఉంది.

ఇందులో "అతనికి చీకటంటే భయం" అన్న వాక్యం లేదు. అతను చేసిన పని ఉంది, ఆ పని ఖరీదు వేరొకరు కట్టారు, ఆ సంగతి అతనికి తెలుసు. ఈ మూడూ ఉన్న సన్నివేశం ఒక్కటి, లోపాన్ని వర్ణించే పది పేజీల కన్నా ఎక్కువ పని చేస్తుంది. ముఖ్యంగా మూడోది. తెలియక చేసిన తప్పుకి పాఠకుడు హీరోని వదిలేస్తాడు, తెలిసి చేసినదాన్ని మాత్రం మోసుకుంటూ పేజీ తిప్పుతాడు.

మూడు వందల పేజీల నవలకి నేను చెప్పే కొలత ఇది. మొదటి ఇరవై పేజీల్లో దోషం ఒకసారి పని చెయ్యాలి, నష్టం చిన్నదిగా ఉండాలి: రత్తమ్మకి బస్సు తప్పడం లాంటిది. నూటయాభై దగ్గర రెండోసారి, ఈసారి దగ్గరి మనిషికి దెబ్బ తగలాలి. చీకట్లో బండి పక్కకి దిగితే తప్పు బ్రేకుల మీదకి తోశాడనుకోండి. డిపోలో బండి చూసిన మెకానిక్‌కి మెమో వస్తుంది, అతను ఇతని బావమరిది. రెండు వందల యాభై దగ్గర మూడోసారి, వెనక్కి తీసుకోలేనిది. ప్రతిసారీ నిజం చెప్పే అవకాశం అతని ముందుకి రావాలి, ప్రతిసారీ వెనకటి కన్నా చెప్పడం కష్టమవ్వాలి, ఎందుకంటే ఇప్పుడు చెబితే వెనకటి అబద్ధం కూడా బయటపడుతుంది. లోపం ఉన్న చోటే ఉండి నష్టం మాత్రమే పెరిగితే కథ అలసిపోతుంది. ఒప్పుకోలు ఖరీదు పెరగాలి.

పరిమితులు ఒకటీ రెండుకి మించకూడదు. కర్ణుడికి నాలుగున్నాయి కదా అంటారేమో. అది పద్దెనిమిది పర్వాల కథ, పైగా వాటిలో ప్రతిదానికీ సొంత ఘట్టం ఉంది. మీ హీరోకి రేచీకటి, నత్తి, అప్పులు, పోయిన చెల్లెలు అన్నీ పెడితే పాఠకుడు ఒక్కటీ గుర్తుపెట్టుకోడు. పెట్టిన పరిమితిని మీ అవసరానికి మర్చిపోవడం అంతకన్నా పెద్ద తప్పు. క్లైమాక్సులో పిల్లాణ్ణి కాపాడటానికి చీకట్లో వంద గజాలు పరిగెత్తించారంటే, వెనక రాసిన రెండు వందల పేజీలూ అబద్ధమైపోతాయి. కాపాడాలంటే ఆ పరిమితి లోపలే దారి వెతకండి. చూపు లేదు, రూటు కంఠతా వచ్చు. ఇంకొకరికి స్టీరింగిచ్చి తను పక్కన నిలబడి, ఇక్కడ మలుపు, ఇక్కడ కల్వర్టు అని చెప్పగలడు. దానికి ముందుగా తనకి కనపడదని బస్సులో అందరి ముందూ అనాలి. పాఠకుడు ఊపిరి బిగపట్టేది ఆ మాట కోసం.

అసలు పాఠకుడికి మొదట్లో అతనితో ఉండాలని ఎందుకనిపించాలి? మంచివాడు కావడం అవసరం లేదు. ఏదో ఒక పనిలో దిట్ట అయితే చాలు, లేదా మనల్ని నమ్మి గుట్టు చెబితే చాలు. కన్యాశుల్కంలో గిరీశం చేసేది రెండోది. 1909 నాటి కూర్పు తెరవగానే, పూటకూళ్లమ్మకి సంతలో సామాన్లు కొనిపెడతానని పట్టుకెళ్లిన ఇరవై రూపాయలూ ఎక్కడ తగలేశాడో అతనే చెప్పేస్తాడు. వేరే పాత్ర వచ్చి వీడు మోసగాడని చెబితే మనం పూటకూళ్లమ్మ పక్షాన ఉండేవాళ్లం. అతనే చెప్పడంతో మనం అతని పక్కకి చేరిపోయి, ఎలా తప్పించుకుంటాడా అని చూస్తాం. గురజాడ అంతటితో ఆగలేదు. మధురవాణి ఇంట్లో పూటకూళ్లమ్మ చీపురు తిరగేసి కొడితే ఆ దెబ్బ మంచం కింద దాక్కున్న రామప్పంతులుకి తగులుతుంది. గిరీశం చమత్కారం ఖరీదు మొదటి నుంచీ ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు. నాటకం చివర్లో సౌజన్యారావు పంతులు ముందు ఆ చమత్కారం పారదు, బుచ్చమ్మ దక్కదు. మాటకారి హీరోని రాసేవాళ్లు ఈ చివరి భాగం ఎగ్గొడుతుంటారు. మాట పారని మనిషి ఒకరు కథలో ఉండాలి.

పిరికి హీరో, ఏమీ చెయ్యని హీరో వీటన్నిటికన్నా కష్టం. రావిశాస్త్రి నవల అల్పజీవిలో సుబ్బయ్య అడుగడుగునా భయపడే గుమాస్తా. బయట నుంచి చూస్తే రెండు పేజీలకి విసుగొచ్చే మనిషి. ఆ భయాన్ని అతని తలలో కూర్చుని, అది పుట్టిన క్షణం నుంచి చూపించడంతో చదివేవాడికి అది తన భయంలా తగులుతుంది. అలాంటి పాత్ర మీ చేతిలో ఉంటే కథనం దగ్గరగా పెట్టండి, దూరం నుంచి రాయకండి. ఏమీ చెయ్యని వాడికి కూడా తీవ్రంగా కావలసింది ఒకటుండాలి. కోరిక లేని పిరికివాడి గురించి కథ ఉండదు.

గతం గురించి కొంచెం. చిన్నప్పుడు నాన్న కొట్టాడు, అందుకే ఇలా అయ్యాడు అన్న ఫ్లాష్‌బ్యాక్ దోషానికి కారణం చెబుతున్నట్టు కనిపించి, నిజానికి మాఫీ ఇచ్చేస్తుంది. పెట్టాలంటే అర పేజీ మించకుండా, దోషం రెండోసారి పని చేశాక పెట్టండి. ముందే పెడితే పాఠకుడు వకీలుగా మారిపోతాడు. "అతి మంచితనమే అతని బలహీనత" అన్నది అసలు లోపమే కాదు, పొగడ్త. ప్రేమించిన అమ్మాయి రాగానే తాగుడు మానేయడమూ వద్దు, ఇన్నాళ్ల లోపం ఒక పాటకి పోయేదే అయితే మొదటి నుంచీ అది లేనట్టే.

చుట్టూ ఉన్నవాళ్ల సంగతి మాత్రం నిలబడి ఆలోచించాలి. హీరో లోపాన్ని కథలో అందరూ క్షమిస్తూ పోతే పాఠకుడు క్షమించడు, ఆ పని కథలోనే అయిపోయింది కాబట్టి. ఒక్కరైనా క్షమించనివాళ్లుండాలి, వాళ్ల వాదన బలంగా ఉండాలి, వాళ్లని చెడ్డవాళ్లుగా చూపించకూడదు. మెమో వచ్చిన బావమరిదిని ఆ మనిషిగా పెట్టుకోండి. "నువ్వు ఒక్క మాట అనుంటే నాకు ఇంక్రిమెంటు పొయ్యేది కాదు బావా" అని అతను ఒక్కసారి అంటే చాలు, మళ్లీ ఇంటికి రాకపోతే చాలు. మహాభారతంలో ఆ స్థానం ద్రౌపదిది. ధర్మరాజు జూదంలో తమ్ముల్ని, తనని, తర్వాత ఆమెని ఒడ్డి పోగొట్టుకుంటే, ముందు తన్ను ఓడాడా నన్ను ఓడాడా అని నిండు సభని అడుగుతుంది. ఆ ప్రశ్నకి భీష్ముడంతటివాడు సరైన జవాబు చెప్పలేకపోతాడు. అరణ్యవాసంలో కూడా ఆమె అడగడం మానదు. ధర్మరాజు దోషాన్ని అంత సూటిగా అడిగే మనిషి పక్కనే ఉండబట్టే అతని ఓర్పుకి విలువ వచ్చింది. అరణ్యవాసంలోనే బృహదశ్వ మహర్షి దగ్గర అక్షహృదయం అనే పాచికల విద్య నేర్చుకుని, అజ్ఞాతవాసంలో విరాటుడి కొలువులో కంకుభట్టుగా పాచికలాడే మనిషిగా చేరతాడు. దోషం మాయమవలేదు, చోటు మారింది. లోపమున్న హీరోకి ముగింపు రాయడంలో నాకు బాగా నచ్చిన పద్ధతి అదే.

ఆ లెక్కన మీ కోటేశ్వరరావుకి చివర్లో చూపు రానక్కర్లేదు, పేరు మీద మమకారం పోనక్కర్లేదు. స్టీరింగు పోయాక కొత్త డ్రైవర్ల పక్కన నిలబడి రూటు నేర్పే పనిలో కూడా తనంత వాడు లేడనిపించుకోవాలని చూస్తాడు, కుర్రవాళ్ల మీద విసుక్కుంటాడు. అతను అతనే.

తిరగరాసేటప్పుడు ఎర్ర పెన్నుతో ఒక పని చేయండి. లోపం గురించి కథకుడు చెప్పిన వాక్యాల కింద గీత, లోపం పని చేసిన చోట సున్నా. గీతలు ఎక్కువుంటే అవి కొట్టేయండి. సున్నాలు మూడుకి తగ్గితే నవల ఇంకా రాయాల్సి ఉంది. రెండోసారి చదివేటప్పుడు ప్రతి సున్నా పక్కన, ఆ తప్పుకి ఎవరు నష్టపోయారో పేరు రాయండి. మూడు చోట్లా హీరో పేరే వస్తే అది స్వీయజాలి నవల, ఇంకొకరి పేరు పడేదాకా మార్చండి.

మొదలుపెట్టే ముందు దగ్గర్లోని డిపోకి వెళ్లి, డ్రైవర్లకి కంటి పరీక్ష ఎన్నేళ్లకోసారి చేస్తారో, తప్పితే ఏ పనికి మారుస్తారో, జీతం ఏమవుతుందో కనుక్కోండి. సర్వీసులో ఉన్నవాళ్లని కాకుండా రిటైరైనవాళ్లని అడిగితే మొహమాటం లేకుండా చెబుతారు. ఆ పరీక్ష తేదీ కథలో వేస్తే సూర్యాస్తమయంతో పాటు రెండో గడువు దొరుకుతుంది. పరీక్ష డిసెంబరులో పెట్టండి, అప్పటికి చీకటి త్వరగా పడుతుంటుంది.